వేరేవాళ్ల ఊళ్లో మన ఉద్యోగం

కొన్ని ఉద్యోగాల్లో పనికన్నా పని జరిగే చోటే కష్టం. కంపెనీ కొత్తగా కొన్న ఫ్యాక్టరీకి హెడ్డాఫీసు పంపిన మేనేజరు, ఏజెన్సీ బ్రాంచికి బదిలీ అయిన బ్యాంకు ఉద్యోగి, గూడెంలో బడి నడపడానికి వెళ్లిన మైదానప్రాంతపు టీచరు, ఏళ్ల తరబడి చేతిరాత పుస్తకాల్లో లెక్కలు రాసుకుంటున్న సంస్థలో సాఫ్ట్‌వేరు పెట్టడానికి వెళ్లిన కన్సల్టెంటు, స్వచ్ఛంద సంస్థ తరఫున ఊళ్లు తిరిగే ఫీల్డ్ కోఆర్డినేటరు. పేర్లు వేరైనా వీళ్లందరి పని ఒకటే. అప్పటికే ఒక పద్ధతిలో బతుకుతున్న మనుషుల మధ్యకు వెళ్లి ఆ పద్ధతిలో ఏదో ఒకటి మార్చాలి. వెళ్లేముందు శిక్షణలో లక్ష్యాలు చెబుతారు, గడువులు చెబుతారు, రిపోర్టు ఏ ఫార్మాట్‌లో పంపాలో చెబుతారు. ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ ఒక్క ప్రశ్న మీద అరవై ఏళ్లుగా కథలు అల్లుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ రచయితలు. అలాంటి ఉద్యోగంలో చేరబోయే యువతీయువకులు సలహా అడిగితే, మేనేజ్‌మెంట్ పుస్తకాలతో పాటు ఈ సిరీస్‌లలో కొన్ని ఎపిసోడ్లు చూడమని మనస్ఫూర్తిగా చెబుతాను. నక్షత్రనౌకలు, చిత్రమైన నుదుళ్లు, ముక్కులు పక్కన పెడితే ఇవి బదిలీల కథలే. అధికారమూ, పనిముట్లూ, మంచి ఉద్దేశమూ ఉన్న ఒక బృందం తనకు తెలియని సమాజంలో దిగుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే కథ.

ఒక్కో సిరీస్‌ది ఒక్కో స్వభావం. 1966లో అమెరికాలో మొదలైన 'స్టార్ ట్రెక్' చట్టాన్ని నమ్ముకుంది. దాని పేరు ప్రైమ్ డైరెక్టివ్. ఇంకా నక్షత్రాల మధ్య తిరిగే స్థాయికి రాని లోకాల సహజమైన ఎదుగుదలలో వేలు పెట్టకూడదు. అందుకోసం ఓడ పోయినా, సిబ్బంది ప్రాణాలు పోయినా సరే. ఒకవైపు వియత్నాంలో అమెరికా సైన్యం యుద్ధం చేస్తుండగా ఆ దేశపు టీవీలోనే ఈ నియమం పుట్టడం చిన్న విషయం కాదు. 1997 నుంచి పదేళ్లు నడిచిన 'స్టార్‌గేట్ ఎస్‌జీ-1'లో అలాంటి నియమం లేదు, అవసరం ఉంది. భూమిని కాపాడుకోవడానికి ఆయుధాలు కావాలి, మిత్రులు కావాలి. ఆ పని మీదే ఒక సైనిక బృందం వేరే గ్రహాలకు వెళ్తుంది. బ్రిటన్‌లో 1963లో మొదలైన 'డాక్టర్ హూ'లో కథానాయకుడి జాతివాళ్లకు జోక్యం చేసుకోకూడదన్న కట్టుబాటు ఉంది, ఆయన దాన్ని మీరుతూనే ఉంటాడు. 1969 నాటి 'ది వార్ గేమ్స్'లో స్వజాతివాళ్లే ఆయన్ని విచారించి, శిక్షగా భూమికి వెలివేస్తారు. 2017లో వచ్చిన 'ది ఆర్విల్' స్టార్ ట్రెక్ దగ్గర పాఠం నేర్చుకుని, గురువు దాటేసిన ప్రశ్నలు కొన్ని మళ్లీ అడిగింది.

మీ ఆఫీసులోనూ ఈ మూడు గొంతులూ వినిపిస్తాయి. రూల్ ఒప్పుకోదు అనేది ఒకటి, టార్గెట్ ముఖ్యం అనేది ఒకటి, కళ్లముందు అన్యాయం జరుగుతుంటే ఎలా ఊరుకోను అనేది ఇంకొకటి. మూడూ కొంతవరకు నిజాలే. కానీ జోక్యం చేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు మీరు ఆ ఊళ్లో బస్సు దిగేసరికే గడువు తీరిపోతుందని నా గట్టి నమ్మకం. అక్కణ్నుంచి అడగవలసినవి వేరే ఉన్నాయి. మిమ్మల్ని ఎవరు పిలిచారు? మీరు చేసింది వికటిస్తే నష్టం ఎవరి మీద పడుతుంది? అది పడే రోజుకు మీరు అక్కడ ఉంటారా?

బస్సు దిగడమే జోక్యం అనడానికి స్టార్‌గేట్‌లో 2004 నాటి 'ఐకాన్' అనే ఎపిసోడ్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. టెగాలస్ అనే గ్రహం మీద రెండు దేశాలు ఒకదానికొకటి క్షిపణులు గురిపెట్టుకుని, ఎలాగో యుద్ధం రాకుండా నెట్టుకొస్తుంటాయి. ఒక దేశంలో పాత పురావస్తువుగా పడి ఉన్న ద్వారం గుండా మన బృందం నడిచి వస్తుంది. వాళ్లు ఒక్క తుపాకీ ఇవ్వలేదు, ఒక్క మాట తప్పుగా మాట్లాడలేదు. రావడమే చాలింది. పాత దేవుళ్లు నిజమేనన్న నమ్మకం ఒక వర్గంలో భగ్గుమంటుంది, ఆ వర్గం అధికారం లాక్కుంటుంది, యుద్ధం వస్తుంది. 2006లో వచ్చిన 'ఈథన్'లో ఆ రెండు దేశాలూ పూర్తిగా నాశనమవుతాయి. మధ్యలో నిజాయితీగా, ప్రాణాలకు తెగించి సాయం చేయడానికి ప్రయత్నించినా ఫలితం మారదు. ఇంత నిష్ఠురమైన ముగింపు ఇవ్వడానికి టీవీ సిరీస్‌కు ధైర్యం కావాలి.

ఉద్యోగంలో దీనికి సమానమైనది మీ మొదటి వారం. స్టేషన్ నుంచి మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరి బండి వచ్చింది, మొదటి భోజనం ఎవరింట్లో చేశారు, ఎవరి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారు, ఎవరు మీ పక్కన కుర్చీలో కూర్చున్నారు, ఎవరు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు, ఇవన్నీ ఊరు చూస్తుంది. ఫ్యాక్టరీ అయితే క్యాంటీన్లో సాయంత్రానికల్లా చర్చ అయిపోతుంది. రెండు యూనియన్లున్న చోట ఒక యూనియన్ నాయకుడితో ముందు టీ తాగితే, మీరు నోరు విప్పకముందే ఒక పక్షం తీసుకున్నట్టు లెక్క. అందుకని వెళ్లకముందే, వీలైతే ఆ చోట పనిచేసి వచ్చిన వారిని పట్టుకుని అడగండి: అక్కడ ఎవరికి ఎవరితో పడదు? ఇది గాసిప్ కాదు, మీ పనికి అత్యవసరమైన సమాచారం. బస ఏర్పాటు సొంతంగా చేసుకోండి. మొదటి రోజుల్లో అందరినీ ఒకే చోట, ఒకేసారి కలిసే పద్ధతి పెట్టుకోండి. విడివిడిగా కలవక తప్పకపోతే, బలహీనంగా కనిపించే పక్షాన్ని ముందు కలవండి. బలమున్నవాళ్లు ఎలాగూ మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

వెతుక్కుంటూ వచ్చేవాళ్ల గురించి అదే సిరీస్‌లో 2000 నాటి 'ది అదర్ సైడ్' చూడాలి. యురోండా అనే లోకం నుంచి సాయం కావాలని పిలుపు వస్తుంది. మర్యాదస్తులు, చదువుకున్నవాళ్లు, భూగర్భంలో బంకర్లలో బాంబుల కింద నలిగిపోతున్నారు. భారజలం ఇస్తే బదులుగా అద్భుతమైన ఆయుధాలూ, రక్షణ కవచాలూ ఇస్తామంటారు. దళనాయకుడు ఓనీల్‌కు ఇది బంగారంలాంటి బేరం. బృందంలోనే ఉన్న డేనియల్ జాక్సన్ మాత్రం ఒక్కటే అడుగుతుంటాడు: మీరు ఎవరితో పోరాడుతున్నారు, ఎందుకు? ఆ ప్రశ్న అందరికీ చిరాకు తెప్పిస్తుంది. ఓనీల్ కూడా విసుక్కుంటాడు. చివరికి తేలేదేమంటే, యుద్ధం మొదలుపెట్టింది యురోండావాళ్లే. తమలాంటి వర్ణం కానివాళ్లందరినీ తుడిచిపెట్టడానికి.

మీ బృందంలో ఆ ప్రశ్న అడిగే మనిషి ఒకరు ఉండాలి. లేకపోతే ఆ మనిషి మీరే కావాలి. మిమ్మల్ని పిలిచినవాళ్లు, మీతో మీ భాషలో చక్కగా మాట్లాడేవాళ్లు, మీ ప్రాజెక్టును మొదటి రోజే మెచ్చుకునేవాళ్లు మొత్తం ఊరికి ప్రతినిధులు కాకపోవచ్చు. బోరు ఎక్కడ వెయ్యాలి అని గ్రామసభలో అడిగితే ముందు వరుసలో ఉన్నవాళ్లు చోటు చూపిస్తారు. మీటింగుకు రాని వీధి ఏది, ఎందుకు రాలేదు, అక్కడి ఆడవాళ్లు ఇప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు అని కనుక్కున్నాకే సంతకం పెట్టండి. ఆఫీసులోనూ అంతే. కొత్త సాఫ్ట్‌వేరు కావాలని పిలిచింది అకౌంట్స్ విభాగం అయితే, దానివల్ల పని పెరిగేది గోడౌన్ గుమాస్తాకు కావచ్చు. ఆ గుమాస్తాతో గంటసేపు కూర్చోకుండా తయారు చేసిన ప్లాన్ సగం ప్లానే.

స్టార్ ట్రెక్ మొదటి సిరీస్‌లో 1968 నాటి 'ఎ పీస్ ఆఫ్ ది యాక్షన్' పైకి హాస్యంగా నడుస్తుంది గానీ, నా దృష్టిలో ఆఫీసులకు అత్యంత అవసరమైన ఎపిసోడ్. వందేళ్ల కిందట ఒక భూలోకపు ఓడ ఒక గ్రహానికి వెళ్లి, తిరిగి వస్తూ ఒక పుస్తకం అక్కడ వదిలేసి వచ్చింది. అది 1920ల చికాగో గూండా ముఠాల గురించిన పుస్తకం. ఆ గ్రహవాసులు చూసినదాన్ని చూసినట్టు అనుకరించే తెలివైన జనం. కెప్టెన్ కిర్క్ వెళ్లేసరికి ఆ పుస్తకమే వాళ్లకు ధర్మశాస్త్రం. గ్రహమంతా టోపీలు, మెషిన్‌గన్లు, వీధికో ముఠా నాయకుడు. వదిలేసినవాళ్లకు అది పుస్తకం, అంతే. వాళ్లు దాని గురించి రెండోసారి ఆలోచించి కూడా ఉండరు.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన మనిషి వదిలేసే ప్రతి కాగితానికీ ఈ శక్తి ఉంటుంది. నమూనాగా చూపించిన ఎక్సెల్ షీటు ఆ బ్రాంచిలో ఏళ్ల తరబడి నడుస్తుంది. మీరు ఒకే ఒక్క పండగ సీజన్ కోసం చెప్పిన తగ్గింపు పద్ధతి శాశ్వతమైపోతుంది. మీరు మాటవరసకు ఈ డీలరు బాగానే ఉన్నాడే అంటే, 'సార్ చెప్పారు' అన్న రెండు మాటలతో ఇంకో డీలరు బతుకు పోతుంది. నేను గట్టిగా చెప్పే సలహా ఇది: వదిలి వచ్చే ప్రతి ఫార్మాటు మీద, ప్రతి సర్క్యులర్ మీద, అది ఏ పని కోసం, ఎంతకాలం వరకు, మార్చాలంటే ఎవరిని అడగాలి అన్న మూడు వివరాలు రాయండి. నోటిమాటగా చెప్పినవి వెళ్లేముందు కూర్చుని గుర్తు చేసుకుని, ఏవి ఆదేశాలు, ఏవి కేవలం మీ అభిప్రాయాలు అన్నది ఒక పేజీలో రాసి ఇవ్వండి. గంట పని. దానివల్ల తర్వాత ఎంత గందరగోళం తప్పుతుందో చెప్పలేను.

ఇక పాత ఆచారాన్ని ఆపే సంగతి. డాక్టర్ హూ మొదటి ఏడాదిలోనే, 1964లో, 'ది ఆజ్‌టెక్స్' అనే నాలుగు భాగాల కథ వచ్చింది. డాక్టర్‌తో ప్రయాణిస్తున్న బార్బరా లండన్‌లో చరిత్ర పంతులమ్మ. ఆజ్‌టెక్‌ల కాలంలో దిగగానే జనం ఆమెను తమ ప్రాచీన పూజారి మళ్లీ పుట్టిన రూపం అనుకుంటారు. ఆమెకు ఆ నాగరికత మీద నిజమైన ప్రేమ ఉంది. నరబలి ఒక్కటి ఆపగలిగితే, తర్వాత వచ్చే స్పానిష్‌వాళ్లు ఇంత గొప్ప సంస్కృతిని అనాగరికమని తుడిచిపెట్టరని ఆశపడుతుంది. డాక్టర్ వద్దంటాడు. ఆమె వినదు. వాన కోసం ఇవ్వబోతున్న బలిని ఆపమని దేవత హోదాలో ఆజ్ఞాపిస్తుంది. అప్పుడు బలి కావలసిన మనిషే తన గౌరవం పోయిందని గుడి మీద నుంచి దూకి చనిపోతాడు. వెంటనే వాన పడుతుంది. ఆమె వాదనకు అక్కడితో చోటే లేకుండా పోతుంది. ఆమె మాట విని మనసు మారింది ఒకే ఒక్కడు, జ్ఞానానికి పూజారి అయిన ఆట్లాక్. అతను తన హోదా, ఆస్తి వదిలి అడవిదారి పట్టిపోతాడు. నరబలిని సమర్థించే పూజారికి ఎదురు లేకుండా పోతుంది.

నరబలి ఆపాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు, ఆపాలి. బార్బరా తెలుసుకోనిది ఏమిటంటే, ఆ ఆచారంలో చచ్చిపోయేవాడికి కూడా ఒక స్థానం, ఒక పరువు ఉన్నాయి. ఒక పద్ధతిని రద్దు చేయబోయేముందు, దాని నుంచి డబ్బు ఎవరికి వస్తోంది అని ఎవరైనా అడుగుతారు. పరువు ఎవరికి వస్తోంది అని కూడా అడగండి. షిఫ్టు జాబితా తన చేత్తో రాసే పాత మేస్త్రీ ఉంటాడు. మీరు దాన్ని యాప్‌లోకి మారిస్తే పని వేగం పెరుగుతుంది, నిజమే. కానీ ఎవరింట్లో పెళ్లి ఉంది, ఎవరి భార్యకు నెలలు నిండాయి, ఎవరికి నైట్ షిఫ్ట్ వేయకూడదు అన్న లెక్కంతా ఆయన బుర్రలో ఉంది. ఆ లెక్క వల్లే జనం ఆయనకు నమస్కారం పెడుతున్నారు. ఆ నమస్కారం ఎక్కడికి పోతుందో మీరు ఆలోచించకపోతే, మీ యాప్‌ను విఫలం చేసేది ఆయనే, ఆయనకు ఆ హక్కు ఉందని కార్మికులంతా అనుకుంటారు కూడా. యాప్‌లో మార్పులు చేసే అధికారం ముందు ఆయనకే ఇవ్వండి. నేర్పవలసింది మొదట ఆయనకే నేర్పండి, నలుగురి ముందు కాకుండా విడిగా. ఆట్లాక్‌ను కూడా మరచిపోకండి. మీ మాట నమ్మి మీ పక్షాన నిలబడిన ఆ ఒక్క స్థానికుడు మీరు వెళ్లిపోయాక ఒంటరివాడవుతాడు. అతని భద్రత మీ ప్లాన్‌లో భాగం కావాలి.

బార్బరాను దేవత అనుకున్నట్టే మిమ్మల్నీ అనుకునే ప్రమాదం ఉంది. హెడ్డాఫీసు సార్ వచ్చారు, ఇక అన్నీ అయిపోతాయి అనుకుంటారు. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన జవాబు 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో 1989 నాటి 'హూ వాచెస్ ది వాచర్స్'ది. పొంచి ఉండి ఒక సమాజాన్ని పరిశీలిస్తున్న మానవశాస్త్రవేత్తలు ప్రమాదవశాత్తూ బయటపడతారు. దెబ్బ తిన్న గ్రామస్థుణ్ని ఓడ మీదకు తీసుకెళ్లి నయం చేస్తారు. అతను ఊరికి తిరిగి వెళ్లి కెప్టెన్ పికార్డ్ దేవుడని చాటుతాడు. ఎలాగూ నమ్మేశారు కనుక దేవుడిలా కనిపించి నాలుగు మంచి నియమాలు చెప్పేయండి అని ఒక శాస్త్రవేత్త సలహా. పికార్డ్ ఒప్పుకోడు. ఊరి నాయకురాలు నూరియాను ఓడ మీదకు తెచ్చి, తన వైద్యులు బతికించలేకపోతున్న రోగి చావును ఆమెకు చూపిస్తాడు. తన చేతకానితనాన్ని దాచకుండా చూపించడమే ఆయన దారి. అది చాలని ఒకడికి, చివరికి బాణం దెబ్బ తిని రక్తం కూడా చూపవలసి వస్తుంది.

మొదటి సమావేశంలోనే మీ చేతిలో లేనివి చెప్పేయండి. జీతాల పెంపు నా పరిధిలో లేదు, పర్మినెంట్ చేసే అధికారం నాకు లేదు, ఈ గ్రాంటు మూడేళ్లకే వచ్చింది అని స్పష్టంగా, అందరూ ఉండగా. చాలామంది ఉద్యోగులు గౌరవం తగ్గుతుందేమోనని ఈ మాటలు వాయిదా వేస్తారు. ఆ మౌనంలో జనం తమ ఆశలు పోసుకుంటారు. పిల్లల చదువులు, అప్పులు, పెళ్లిళ్లు దాని మీద లెక్క వేసుకుంటారు. అబద్ధం చెప్పకపోయినా మోసపోయేది వాళ్లే.

ఇంతవరకు చెప్పింది చూసి, అయితే ఏదీ ముట్టుకోకుండా ఉండటమే క్షేమం అనుకుంటే, స్టార్ ట్రెక్‌లో నన్ను ఇప్పటికీ బాధపెట్టే కథ ఒకటి ఉంది. 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్‌లో 2002 నాటి 'డియర్ డాక్టర్'. వలేకియన్లనే జాతి వంశపారంపర్యమైన వ్యాధితో అంతరించిపోతూ, సాయం చేయమని వాళ్లంతట వాళ్లే అడుగుతారు. డాక్టర్ ఫ్లాక్స్ మందు కనుక్కుంటాడు. కానీ అదే గ్రహం మీద వాళ్ల చేతి కింద బతుకుతున్న మెంక్ అనే ఇంకో జాతి ఎదుగుతోంది. వైద్యం చేస్తే పరిణామక్రమానికి అడ్డుపడినట్టవుతుందని అతని వాదన. కెప్టెన్ ఆర్చర్ ముందు వ్యతిరేకించి, తర్వాత ఒప్పుకుంటాడు. బాధ తగ్గించే మందు ఇచ్చి, జబ్బు తగ్గించే మందు జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. ఇది వినయంగా కనిపిస్తుంది. నేను దీన్ని తప్పు అనే అంటాను. పరిణామం ఎటు పోవాలో తనకు తెలుసని అనుకోవడం కన్నా పెద్ద జోక్యం ఏముంది? మెంక్‌ల భవిష్యత్తు మీద నిజంగా శ్రద్ధ ఉంటే, వాళ్లను కూర్చోబెట్టి అడగవలసింది. వాళ్లను ఎవరూ అడగలేదు.

ఉద్యోగంలో ఇది 'ఇక్కడి కల్చర్ అంతే సార్' అన్న మాటగా వస్తుంది. సూపర్‌వైజరు ఆడవాళ్లతో మాట్లాడే తీరు అంతే, ఇక్కడ అందరూ అలాగే మాట్లాడతారు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఈ మాట దగ్గర ఆగకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా చిన్నచోట ఫిర్యాదుకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. రక్షణ లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకులు, మురుగుకాలువల్లోకి దించడాన్ని నిషేధించిన చట్టమూ 2013దే. వీటి విషయంలో స్థానిక పద్ధతిని గౌరవించడం అనే మాటకు చోటు లేదు. కమిటీ ఉందా, దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా అని చేరిన మొదటి వారంలోనే చూడండి.

చట్టం స్పష్టంగా లేని చోట ఎలా నడుచుకోవాలో ది ఆర్విల్ చెప్పింది. 2017 నాటి 'అబౌట్ ఎ గర్ల్'లో మోక్లన్ జాతి దంపతులకు ఆడపిల్ల పుడుతుంది. ఆ సమాజంలో ఆడపుట్టుక ఒక లోపం, శస్త్రచికిత్సతో మగబిడ్డగా మార్చేయడం ఆనవాయితీ. ఓడ అధికారులు విచారణలో వాదిస్తారు. వాళ్ల వాదనలు ఎంత పదునైనా బయటివాళ్ల వాదనలే. కథ మలుపు తిరిగేది, కొండల్లో దాక్కుని బతుకుతున్న ఒక మోక్లన్ స్త్రీని వెతికి తెచ్చినప్పుడు. ఆ జాతి అంతా గొప్ప రచయితగా ఆరాధించే మగపేరు వెనుక ఉన్నది ఆమేనని తేలుతుంది. అయినా తీర్పు మారదు, శస్త్రచికిత్స జరిగిపోతుంది. ఈ సిరీస్ మీద నాకు గౌరవం కలిగించింది ఇక్కడితో ఆగకపోవడం. 2019లో అలాంటి స్త్రీల రహస్య స్థావరం బయటపడుతుంది. 2022లో ఆ బిడ్డ ఎదిగి, నిజం తెలుసుకుని, తన స్త్రీత్వాన్ని తిరిగి కోరుకుంటుంది. లోపలి గొంతుకు వేదిక దొరికితే ఫలితం ఈ ఏడాదే రాకపోయినా వస్తుంది. మీకూ ఇదే చెబుతాను. బాల్యవివాహం గురించి మీరు ప్రసంగించేకంటే, చిన్నప్పుడే పెళ్లై చదువు ఆగిపోయిన ఆ ఊరి ఆవిడ మాట్లాడితే వింటారు. ఆవిడ ఎక్కడుందో వెతకడం మీ ఉద్యోగం.

ఇంతకీ తిరిగి వెళ్లి చూసేవాళ్లు ఎంతమంది? డాక్టర్ హూలో 1977 నాటి 'ది ఫేస్ ఆఫ్ ఈవిల్'లో ఒక గ్రహం మీద కొండకు డాక్టర్ ముఖమే చెక్కి ఉంటుంది. ఎప్పుడో వచ్చినప్పుడు అక్కడి కంప్యూటరును మంచి ఉద్దేశంతో బాగుచేసి, తన మనసు ముద్ర దానిలో మిగిల్చి వెళ్లిపోయాడు. దానికి మతి చెడి, తరాల తర్వాత రెండు తెగలు కొట్టుకు చస్తున్నాయి. మామూలుగా సాయంత్రానికి పని ముగించి మాయమయ్యే మనిషికి తన పని ఫలితం చూడక తప్పని కథ అది.

నిజజీవితంలో ఇలా తిరిగి చూసిన మనిషి మన దగ్గరే ఉన్నాడు. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కుమ్రం భీము, ఆయన సహచరులు పోలీసు కాల్పుల్లో చనిపోయాక, ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశారు. పిలిచింది నిజాం ప్రభుత్వం, గోండులు కాదు. ఆ ఇబ్బంది ఆ ఉద్యోగంలోనే ఉంది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉండి, గోండుల అసలు బాధ భూమి, అడవి అని ప్రభుత్వానికి రాశారు. పట్టాలు ఇప్పించే పనికి తోడ్పడ్డారు. గోండి భాషలో వాచకాలు తయారు చేయించి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేసే కేంద్రం మార్లవాయిలో పెట్టించారు. తర్వాత లండన్‌లో ఆచార్యుడిగా ఎంతో పేరు వచ్చింది. అయినా 1970లలో తిరిగి వచ్చి, నాడు దక్కిన భూముల్లో ఎన్నో మళ్లీ గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన సంగతి కళ్లారా చూసి, 1982లో అచ్చువేసిన పుస్తకంలో దాచకుండా రాశారు. తన పని ఎక్కడ నిలవలేదో తనే నమోదు చేశారు. మీ ప్రాజెక్టు ముగింపు నివేదికతో పాటు, ఏడాది తర్వాత ఒక తనిఖీ ప్రయాణానికి బడ్జెట్‌లో ఇప్పుడే చోటు అడగండి. ప్రాజెక్టు అయిపోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఈ సిరీస్‌లన్నిటిలో ఉద్యోగులకు ఒక్కటే ఎంచమంటే 1993 నుంచి 1999 వరకు వచ్చిన 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' అంటాను. మిగతా కెప్టెన్లు వారం వారం వేరే గ్రహానికి పోతారు. ఇక్కడ సిస్కో ఒకే చోట ఉంటాడు. దశాబ్దాల పరాయిపాలన నుంచి అప్పుడే బయటపడిన బజోర్ ప్రభుత్వం పిలిస్తే వచ్చాడు. చేసిన ప్రతి తప్పుతోనూ మరుసటి వారం అక్కడే బతకాలి. అతని కుడిభుజం కీరా నెరీస్ ఆ నేల మనిషి, పరాయిపాలన మీద పోరాడిన మనిషి, మీరు ఇక్కడికి రావడమే నాకు ఇష్టం లేదని మొదటి రోజే మొహం మీద చెప్పిన మనిషి. సిస్కో ఆమెను పక్కకు నెట్టడు. ఏడేళ్ల కథకు ప్రాణం ఆ జంట పనితీరే. 1996 నాటి 'రాప్చర్' అనే ఎపిసోడ్‌లో, బజోర్‌ను తన పక్షపు గ్రహాల కూటమి అయిన ఫెడరేషన్‌లో చేర్చడమే తన ఉద్యోగ లక్ష్యం అయినా, సంతకాలు జరిగే వేళ అడ్డుపడి ఇప్పుడు చేరకండని చెబుతాడు. పైఅధికారికి కోపం వస్తుంది. తర్వాతి యుద్ధం అతని మాటే నిజమని తేలుస్తుంది.

మీకు అసిస్టెంటును ఎంచుకునే అవకాశం ఉంటే మీ కీరాను ఎంచుకోండి. మొదటి మీటింగులో మిమ్మల్ని పొగిడినవారిని వద్దు. ఇది ఇక్కడ కుదరదు మేడమ్ అని లేచి చెప్పి, ఎందుకు కుదరదో కూడా చెప్పినవారిని. ఆ మనిషి అభ్యంతరాలను మినిట్స్‌లో రాయించండి. జీతం, హోదా కాగితం మీద ఇప్పించండి, లేకపోతే అది సంప్రదింపు కాదు, వాడుకోవడం.

అన్నీ సరిగ్గా చేసినా, అక్కడివాళ్లు మాకు వద్దు అనవచ్చు. 1991 నాటి నెక్స్ట్ జనరేషన్ ఎపిసోడ్ 'ఫస్ట్ కాంటాక్ట్'లో మాల్కోర్ గ్రహ అధినేత డర్కెన్ ఎంతో ఆలోచించి, మా జనం ఇంకా దీనికి సిద్ధంగా లేరు, వెళ్లిపొండి అంటాడు. పికార్డ్ వాదించడు. నిరాశ ఉన్నా వెళ్లిపోతాడు. తమను నమ్మి తలుపు తెరిచిన అక్కడి మహిళా మంత్రి, ఇక తన దేశంలో తన కలకు చోటు లేదని, తనను వెంట తీసుకెళ్లమని అడిగితే తీసుకెళ్తాడు. మన ఆఫీసుల్లో 'వద్దన్నారు' అని రిపోర్టు రాయడం వైఫల్యంగా లెక్క, అందుకే జనం వద్దన్న ప్రాజెక్టులు కూడా కాగితాల మీద విజయవంతంగా నడుస్తుంటాయి. ఆ రిపోర్టు ధైర్యంగా రాయండి. ఎవరు వద్దన్నారో, ఎవరి మాట మీకు వినపడలేదో, వాళ్లు చెప్పిన కారణాలు వాళ్ల మాటల్లోనే పెట్టండి. ఏ పరిస్థితి మారితే మళ్లీ అడగవచ్చో రాయండి. ఖర్చు కాని సొమ్ము ఎంతో రాసి, దాన్ని అదే ప్రాంతానికి అట్టిపెట్టమని కోరండి. మీతో కలిసి నడిచి ఇప్పుడు ఇబ్బందిలో పడిన స్థానిక ఉద్యోగికి వేరే చోట పోస్టింగ్ అడగండి. ఆ రిపోర్టు నకలు ఒకటి, పైవాళ్లకు పంపినదే, వద్దన్నవాళ్లకు కూడా ఇచ్చి రండి.